కవలల డిశ్చార్జి కాగితంలో మాయ (ప్లాసెంటా) ప్రస్తావన ఏది?

సంపాదకులకు,

రంగంపేట మండలం దొడ్డిగుంటలో కవలలు ఎక్కువగా పుట్టడానికి అక్కడి బావి నీరే కారణమన్న మాట మా కోనసీమలోనూ ఏళ్లుగా వినిపిస్తోంది. కవలలంటే మనకు ఇప్పటికీ వింతే గాని, వారి వల్ల వైద్యశాస్త్రానికి తెలిసిన సంగతులు పత్రికల్లో అరుదు. లండన్ కింగ్స్ కళాశాలలో 1992లో మొదలైన కవలల అధ్యయనంలోని స్త్రీల కొవ్వు కణజాలాన్ని పరిశీలించి, జన్యు పరిశోధకురాలు కెర్రిన్ స్మాల్ బృందం 2011లో ఒక విశేషాన్ని ప్రకటించింది. కేఎల్‌ఎఫ్14 అనే జన్యువుకు సమీపంలోని డీఎన్‌ఏలో ఉండే చిన్న తేడా, తల్లి నుంచి సంక్రమించినప్పుడు మాత్రమే, కొవ్వులోని అనేక ఇతర జన్యువుల పనిని హెచ్చించడమో తగ్గించడమో చేస్తుంది. మధుమేహం ముప్పుతోనూ దానికి సంబంధం ఉంది. ఆ ప్రభావం స్త్రీలలోనే ప్రస్ఫుటమని 2018లో తేలింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్లు నిండిన వారిలో 13 శాతానికి పైగా మధుమేహం ఉన్నట్లు 2006లో వెలువడిన ఒక సర్వే తెలిపింది. మా వీధిలో పుట్టిన కవల అక్కచెల్లెళ్లకు పెళ్లినాడు ఇద్దరికీ రెండు నాలుగు గాజులే సరిపోయాయి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు రాజోలు వైపు ఇచ్చిన ఆవిడకు రెండు ఎనిమిది కావలసి వచ్చింది. షుగరు మాత్రలూ ఆవిడకే. ఒక్క జంటతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. అసలు వారు ఒకే అండం నుంచి పుట్టిన ఏకాండ కవలలా అన్నదే ఎవరికీ తెలియదు. అది తెలియకపోతే ఆ తేడా జన్యువులదో జీవన విధానానిదో చెప్పలేము.

నా మనుమలు కవలలు. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఇద్దరి బరువులు ఉన్నాయి గాని, మాయ ఒకటా రెండా అన్న మాట లేదు. అడిగితే, చూసిన నర్సు డ్యూటీ దిగిపోయిందన్నారు. మాయ ఒక్కటే అయితే దాదాపుగా ఏకాండ కవలలే. రెండున్నంత మాత్రాన కారని చెప్పలేము, ఎందుకంటే ఏకాండ కవలల్లో సుమారు మూడో వంతు మందికి విడివిడి మాయలుంటాయి. ఆ సందేహం డీఎన్‌ఏ పరీక్షతో తర్వాతైనా తీరుతుంది. మాయ మాత్రం కాన్పు రోజునే పారేస్తారు. కాబట్టి డెల్టాలోని ప్రభుత్వ, ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రులు డిశ్చార్జి కాగితంలో ఆ ఒక్క గడి చేర్చాలని వైద్య ఆరోగ్యశాఖను కోరుతున్నాను.

— విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, అమలాపురం