ఫ్రీగా దొరికిందని ప్యాకేజీలో పెట్టి అమ్మొచ్చా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ వైపు ప్రైవేటు స్కూళ్లకు డిజిటల్ పాఠాల ప్యాకేజీలు అమ్మేవాళ్లు మళ్లీ తిరుగుతున్నారు. పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకున్నా పాఠం నడుస్తుంది, అంతవరకు మంచిదే. స్కూళ్ల కంప్యూటర్లు రిపేరు చేసే పని కాబట్టి వీటి లోపల ఏముందో నాకు కనిపిస్తుంటుంది. మొన్న ఒక స్కూల్లో అలాంటి ప్యాకేజీ ఫోల్డర్ తెరిస్తే గూగుల్ క్రోమ్‌కు పునాది అయిన క్రోమియంతో కట్టిన బ్రౌజరూ, దాని పక్కనే పెప్పర్‌ఫ్లాష్ అని ఇంకో ఫోల్డరూ ఉన్నాయి. అంటే కదిలే బొమ్మల పాఠాలు ఆడించే, 2020 డిసెంబరు 31తో అడోబీ కంపెనీ వదిలేసిన ఫ్లాష్ ప్లేయర్‌ను లోపల దాచి కొత్త సరుకు రేటుకు అమ్మారన్నమాట. ఫ్లాష్ చివరి వెర్షన్లు 2021 జనవరి 12 నుంచి ఏ పాఠాన్నీ ఆడించకుండా అడోబీయే కట్టడి చేసింది కాబట్టి, ఆ కట్టడి లేని పాత వెర్షన్‌ను ఎక్కడి నుంచో వెతికి మరీ పెట్టారు. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి, ఆ కంప్యూటర్‌లోనేమో పిల్లల ఫీజుల లెక్కలన్నీ ఉన్నాయి.

ఫోన్ చేసి అడిగితే అమ్మినాయన ‘ఫ్లాష్ ఫ్రీయే కద సార్, దునియా అంతా డౌన్‌లోడ్ చేసుకున్నదే’ అన్నాడు. పక్కింటోళ్లు వాళ్ల బోరు దగ్గర బిందె నింపుకోమంటే ట్యాంకర్ పెట్టి ఊళ్లో అమ్ముకుంటామా? ఫ్లాష్ బతికున్న రోజుల్లో కూడా మన కంప్యూటర్‌లో వేసుకోవడానికే అది ఫ్రీ, మన సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇంకొకరికి పంచాలంటే అడోబీతో విడిగా ఒప్పందం ఉండాల్సిందే. క్రోమ్‌లో ఫ్లాష్ ముందే ఉండేది కదా అని కొందరంటారు. అది గూగుల్, అడోబీ మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటు. క్రోమియం సోర్సు ఎవరైనా వాడుకోవచ్చు గానీ దాంతో యాప్ కట్టినంత మాత్రాన క్రోమ్‌కున్న ఒప్పందాలు మనకు రావు. కాపీరైటు వీడియోలకు వాడే వైడ్‌వైన్‌ను మన యాప్‌లో పెట్టాలన్నా గూగుల్ దగ్గర లైసెన్సు తీసుకోవాల్సిందే.

ఈ విషయంలో సిస్కో అనే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ చేసింది చూడండి, నాకైతే భలే నచ్చింది. వీడియోను కుదించే హెచ్.264 అనే పద్ధతికి పేటెంటు రాయల్టీలున్నాయి. 2013లో సిస్కో ఆ పద్ధతికి తన ఓపెన్‌హెచ్264 ప్రోగ్రాం సోర్సును అందరికీ ఇచ్చి, తాను తయారుచేసిన ఫైలుకు రాయల్టీ తానే కడతానంది, కాకపోతే ఆ ఫైలు వాడేవాళ్ల కంప్యూటర్‌లోకి సిస్కో సర్వర్ నుంచే నేరుగా దిగాలి, యాప్‌లో ముందే కలిపి ఇస్తే ఆ రాయల్టీ సిస్కో లెక్కలోకి రాదు. అందుకే ఫైర్‌ఫాక్స్ అంతటిది కూడా దాన్ని తనలో కలపకుండా విడిగా తెప్పించుకుంటుంది. ప్లగిన్ల పేజీ తెరిస్తే సిస్కో పేరుతోనే కనిపిస్తుంది, వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు.

పాత ఫ్లాష్ పాఠాలు పారేయాలని నేననడం లేదు. రఫిల్ అని ఓపెన్ సోర్స్ ప్లేయర్ ఉంది, ఎంఐటీ, అపాచీ లైసెన్సులతో వస్తుంది. లైసెన్సు కాగితం జతచేస్తే యాప్‌లో పెట్టి అమ్ముకున్నా ఎవరూ కాదనరు. ఫ్లాష్ ప్రోగ్రామింగ్ భాషలో కొత్త వెర్షన్ యాక్షన్‌స్క్రిప్ట్ 3తో చేసిన పాఠాలు కొన్ని మొరాయిస్తాయి, పాతవి చాలావరకు ఆడతాయి. కొంచెం కూర్చుని పని చేయాలి, ఆ ఓపికే వీళ్లకు లేదు.

స్కూలు యాజమాన్యాలకు చెప్పేదొక్కటే. డబ్బు చేతికిచ్చే ముందు ప్యాకేజీ లోపల ఎవరెవరి సాఫ్ట్‌వేర్ ఉంది, వేటికి పంచే హక్కు ఉంది అని బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే కొనకండి. సర్కారు బడుల కొనుగోళ్లకు కూడా ఇదే షరతు టెండరు కాగితంలో పెట్టాలని నల్లగొండ విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక కంప్యూటర్ మెకానిక్, మిర్యాలగూడ