నల్లగొండ బస్టాండ్‌లో మా నాయినను బతికించిన చెల్లెమ్మకు

చెల్లెమ్మా, పేరు కూడా చెప్పకుండా దేవరకొండ బస్సెక్కి వెళ్లిపోయావు. అందుకే ఇలా నలుగురి ముందు నీకు దండం పెడుతున్నాను.

నాయిన కుప్పకూలగానే ఒకరు మొహాన నీళ్లు చల్లారు. ఇంకొకరు ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టారు. గురకలాంటి శబ్దం వస్తుంటే "ఊపిరి ఆడుతోంది, భయం లేదు" అన్నారు. అది ఊపిరి కాదని గుర్తుపట్టింది నువ్వొక్కదానివే. గుండె ఆగిన మనిషి కాసేపు అలా ఎగశ్వాస తీయొచ్చని తర్వాత డాక్టర్ చెప్పారు.

ఒకాయనకు 108కి ఫోన్ చేయమని చెప్పి, మోకాళ్ల మీద కూర్చుని, ఛాతీ నడుమ చెయ్యి మీద చెయ్యి వేసి నొక్కావు. మోచేతులు వంచలేదు. పైకి లెక్కపెడుతూ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు. అలసిపోగానే టీ కొట్టు అన్నకు అప్పగించి, "నొక్కినాక ఛాతీని పూర్తిగా పైకి లేవనియ్యన్నా" అని చెబుతూనే ఉన్నావు. ఎముకలు విరుగుతాయని అమ్మ ఏడుస్తుంటే "ఎముక అతుక్కుంటది పెద్దమ్మా, ముందు ప్రాణం" అన్నావు. ఎంత ధైర్యం తల్లీ నీది!

రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్ ఎంత తొందరగా వచ్చినా ఆ నిమిషాలు పక్కనున్నవాళ్ల చేతుల్లోనే ఉంటాయి. నువ్వు చేసినట్టు ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టడాన్నే సీపీఆర్ అంటారు. మన రాష్ట్రంలో 2023లో ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. అది ప్రతి కండక్టర్‌కు, ఆటో డ్రైవర్‌కు, కొట్టు నడిపేవాళ్లకు అందాలి.

నాయిన ఇప్పుడు పొద్దున్నే బావి దాకా నడిచి వెళ్తున్నాడు. నిన్ను చూడాలని ఒకటే అడుగుతున్నాడు. నిన్ను ఎరిగినవాళ్లెవరైనా ఇది చదివితే దయచేసి కబురు చెప్పండి. చెల్లెమ్మ ఒక్కసారి మా ఇంటికి భోజనానికి రావాలి.