రెండు పెట్టెలు, ఒకే పిస్టల్

ఒరేయ్ బావా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక మనసు మనసులో లేదురా. పాత పెట్టె గుళ్లకి వెన్నలా నడిచిన పిస్టల్ కొత్త పెట్టెకి పదిలో మూడుసార్లు ఆగిపోతోందని, ఇక అమ్మేస్తానని అన్నావు. తొందరపడి అమ్మకు. పోయిన ఏడాది నాకూ ఇదే బాధ వచ్చింది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ఇక్కడ పొద్దుట్నుంచీ ఒకటే వాన, కాలువ గట్టు దాకా వచ్చేసింది, తోటలోకి వెళ్లే పని కూడా లేదు.

ముందు ఒక్కమాట. గుళ్లు మంచివా చెడ్డవా అని కాదు, నీ పిస్టల్‌కి సరిపడతాయా లేదా అని చూడాలి. మన పాయింట్ టూ టూ (.22 అంగుళాల) పిస్టల్‌లో స్లైడ్‌ని, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగాన్ని, పట్టి ఉంచే తాళం ఏమీ ఉండదు. గుండు ముందుకి పోతుంటే ఖాళీ కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) వెనక్కి తన్నుతుంది, ఆ తోపుకే స్లైడ్ వెనక్కి వెళ్లి, కేసుని బయటికి విసిరి, తిరిగి వస్తూ మ్యాగజైన్‌లోంచి, అంటే గుళ్లు పేర్చే డబ్బాలోంచి, ఇంకోటి తీసుకుంటుంది. మ్యాచ్‌కి వాడే మామూలు వేగం గుండు సెకనుకి 320, 330 మీటర్లు పోతుంది. హై వెలాసిటీ రకమైతే 370, 380 దాకా పోతుంది. బరువు రెండూ దాదాపు ఒకటే, 2.6 గ్రాములు. నీ పాత పెట్టె హై వెలాసిటీ, కొత్తది మ్యాచ్ రకం. అంటే స్లైడ్‌కి అందే తోపు తగ్గింది. స్ప్రింగ్ గట్టిదైనా, లోపల ఎక్కడైనా పట్టేసినా, స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు. అప్పుడే ఖాళీ కేసు మిల్లు పొగగొట్టంలా నిటారుగా నిలబడి ఇరుక్కుంటుంది. నువ్వు పంపిన ఫోటోలో ఉన్నది అదే.

నేను చేసిన పెద్ద తప్పు అన్నీ ఒకేసారి మార్చడం. నూనె మార్చాను, మ్యాగజైన్ మార్చాను, గుళ్లూ మార్చాను. ఒకరోజు బాగా నడిచింది, ఎందుకు నడిచిందో తెలియలేదు. మర్నాడు మళ్లీ మొదటికొచ్చింది. నువ్వు ఒక్కోటే మార్చి, నోటుబుక్కులో రాసుకో.

మొదట ఛాంబర్ చూడు, అంటే బ్యారెల్ గొట్టం వెనక చివర గుండు కూర్చునే చోటు. ఈ గుళ్ల సీసానికి మైనం పూత ఉంటుంది కదా, అది మసితో కలిసి ఛాంబర్ ముందు చివర ఉంగరంలా గట్టిపడుతుంది. మన కోనసీమ చెమ్మకి తుప్పు పడుతుందని భయపడి మనం నూనె ఎక్కువ పూస్తాం, అది మైనాన్ని ఇంకా జిడ్డు చేస్తుంది. బ్రష్‌తో శుభ్రంగా తోమి, పొడిగుడ్డతో తుడువు. నాకు సగం జామ్‌లు దీంతోనే పోయాయి.

తర్వాత మ్యాగజైన్లు. వాటి మీద గోళ్ల రంగుతో ఒకటి, రెండు అని గుర్తు పెట్టు. రెండో దాని పెదవులు (గుండుని పట్టి ఉంచే పై అంచులు) కొంచెం విచ్చుకున్నాయని నాకు అలాగే తెలిసింది.

మిగిలిన సగం నన్ను నెలరోజులు తిప్పలు పెట్టింది. ఒక సాయంత్రం ఇరుక్కున్న కేసులన్నీ గచ్చు మీద వరసగా పెట్టి, టార్చి వేసి తిప్పి చూశాను. ప్రతి కేసు మీదా అంచు దగ్గర, పిన్ కొట్టిన చోటికి పక్కనే, ఒకే గీత! గోరు పెడితే తగులుతోంది. వెంటనే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. నీకు తెలుసుగా, ముప్పై ఏళ్లు ఆయుధాల పని చేసినాయన, లైసెన్స్ ఉన్నాయన. ఆయన బ్యారెల్ అంచు చూసి, "ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ ఎవరు నొక్కారు?" అని అడిగారు. మనది రిమ్‌ఫైర్, అంటే పిన్ కేసు అంచు మీద కొట్టి పేల్చే రకం. దీంట్లో లోపల గుండు లేకుండా నొక్కితే కొన్ని పిస్టళ్లలో పిన్ వెళ్లి ఛాంబర్ అంచుకే తగులుతుంది. అక్కడ లోహం లోపలికి ఉబ్బి కేసుని పట్టేస్తుంది. హై వెలాసిటీ బలంగా తన్ని దాటించేది, మ్యాచ్ రకానికి ఆ బలం చాల్లేదు. ఇంట్లో ఆకురాయి పట్టి రుద్దకురా, ఛాంబర్ పాడైపోతుంది. పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి బాగుచేసేవాడికి కూడా లైసెన్స్ ఉండాలి. ఆయన ఆ ఉబ్బుని తన పనిముట్టుతో లోపల్నించి అణిచి ఇచ్చారు. ఆ తర్వాత అదే పెట్టెలోవి రెండొందలు కాల్చాను. ఒక్కటి కూడా ఆగలేదు!

ఇది మాత్రం మర్చిపోకు. ట్రిగ్గర్ నొక్కాక టిక్కుమని పేలకపోతే, మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగు. ఆలస్యంగా పేలొచ్చు. శబ్దం ఎప్పటిలా కాక నీరసంగా వస్తే ఇంకోటి కాల్చొద్దు. గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు. అన్నీ తీసేసి కడ్డీ పెట్టి చూడాలి. పోటీలో ఆగినా అంతే, స్లైడ్ ముట్టుకోకుండా, మూతి టార్గెట్ వైపే ఉంచి, పిస్టల్ పట్టు వదలకుండా, ఖాళీ చెయ్యి ఎత్తు. లండన్‌లో 2012లో విజయ్ కుమార్ ఒలింపిక్ వెండి తెచ్చిన రాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీ ఫైనల్‌లో అయిదు గుళ్లకి నాలుగు సెకన్లే ఉంటాయి. అక్కడ ఒక్క కేసు ఇరుక్కుంటే మనిషి ఏమైపోతాడో ఆలోచించు.

ఆదివారం వచ్చెయ్. రావులపాలెం వంతెన దిగగానే ఫోన్ చెయ్యి, బండేసుకుని వస్తాను. రెండు పెట్టెల ఖాళీ కేసులూ కలపకుండా వేరు వేరు కవర్లలో తీసుకురా. లైసెన్స్ పుస్తకం మర్చిపోకు. పెద్దాయన పొద్దున పది దాకానే ఉంటారు.

నీ నేస్తం