హేవలాక్‌లో నా చెయ్యి వదలని అన్నకి

అన్నా, మీ పేరు కూడా అడగలేదు. అండమాన్‌లో, 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్న హేవలాక్‌లో, స్కూబా డైవింగ్‌కి నాతో సముద్రంలోకి దిగింది మీరే. నాలుగైదు మీటర్లు దిగామో లేదో చెవుల్లో పోటు. గాభరాగా పైకి వెళ్లబోతే చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఊపిరి బిగబట్టి పైకి తేలితే ఊపిరితిత్తులకే ముప్పట, తర్వాత మీరే చెప్పారు. కాస్త పైకి తెచ్చి, ముక్కు మూసి మెల్లగా గాలి ఊదమని మీ మాస్కు మీద చూపించారు. టప్పున చెవి తెరుచుకుంది. అప్పుడు కనబడింది, సీ అనిమోన్ అనే సముద్రజీవి పోగుల్లో నారింజరంగు క్లౌన్ చేప!

పడవలో "మాదీ సిక్కోలేనమ్మా, తాతలనాడే వచ్చేశాం" అన్నారు. ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం మా పాప మడచెట్ల పక్క నీళ్లలోకి దిగబోతే, ఉప్పునీటి మొసళ్లుంటాయని వెనక్కి లాగిందీ మీరే. మీకు రెండు చేతులా దండం, అన్నా.