మా పిల్లకి ఓణీల ఫంక్షన్ చెయ్యలేదు

సంపాదకులకు నమస్కారం.

"అబ్బాయిగా మారిన అమ్మాయి" అని అప్పుడప్పుడూ పేపర్లో బాక్సు కట్టి వేస్తుంటారు కదా, ఊరి పేరుతో సహా, ఒక్కోసారి ఫొటో కూడా. దాని గురించే ఈ ఉత్తరం.

మా అక్క కూతురికి 16 నిండినా పెద్దమనిషి కాలేదు. ఒళ్ళు మాత్రం వయసుకి తగ్గట్టే ఎదిగింది కాబట్టి కాస్త ఆలస్యం, అంతే అనుకున్నాం. పేరంటానికెళ్తే చాలు "ఇంకా ఓణీలివ్వలేదా" అనేవాళ్ళు, చిమ్మిలి తినిపించమని ఒకరు, ముడుపు కట్టమని ఇంకొకరు. చివరికి స్కానింగ్ తీయిస్తే గర్భసంచి లేదన్నారు, క్రోమోజోములు చూస్తే మామూలుగా మగవాళ్ళకుండే ఎక్స్‌వై. దీన్ని ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ అంటారట. లోపల వృషణాలుంటాయి, అవి తయారుచేసే మగ హార్మోను ఒంటికి పనిచెయ్యదు, అందులో కొంత ఈస్ట్రోజెన్‌గా మారి రొమ్ములు వస్తాయి, నెలసరి మాత్రం రాదు. చిన్నప్పుడు మా పిల్లకి గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ అయింది, అప్పుడే అనుమానించి ఉండాల్సిందని ఇప్పుడు చెప్తున్నారు.

ఆ డాక్టరుగారు పిల్లని బయట కూర్చోబెట్టి, "ఆ వృషణాల్ని కణితి అని చెప్పి తీసేద్దాం, అసలు సంగతి తెలియనివ్వకండి" అన్నారు. మా బావగారు సంతకం పెట్టబోయారు కూడా! అక్క ఒప్పుకోలేదు. ఇంకో హార్మోన్ల డాక్టర్ని కలిస్తే, ఈ రకంలో యుక్తవయసు దాటేదాకా క్యాన్సర్ ముప్పు చాలా తక్కువనీ, తీసేస్తే ఏళ్ళ తరబడి హార్మోన్ మందులు వాడాలనీ, మానేస్తే ఎముకలు గుల్లబారతాయనీ, పిల్లకి అన్నీ చెప్పి తన మాట వినమనీ అన్నారు. చెప్పాం. రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, "నాకొక్కదానికేనా ఇలా?"

తను అమ్మాయినే అంటుంది. అందరూ అలాగే అనాలని లేదు. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ లోపం ఉన్న ఎక్స్‌వై పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, ఈడు వచ్చేసరికి గొంతు మారి కండ పడతారు. వాళ్ళలో చాలామంది తర్వాత మగవాళ్ళుగా బతుకుతారు, కొందరు ఆడవాళ్ళుగానే ఉండిపోతారు. మీరు "మారింది" అని వేసేవాటిలో ఇలాంటివీ ఉండొచ్చు. రాత్రికి రాత్రి మారిందేమీ లేదు, పుట్టుకతో ఉన్నదే ఈడుకి బయటపడింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు వస్తేనే ఈ ఎంజైమ్ లోపం వస్తుంది కాబట్టి మేనరికాల్లో అవకాశం ఎక్కువ. మన ఇళ్ళల్లో మేనరికాలెన్నో మీకూ తెలుసు.

2006లో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ ఆడా మగా అన్న పరీక్షలో తప్పిందని పతకం లాక్కుని, ఆమె ఒంటి సంగతి దేశమంతా చర్చకు పెట్టారు. అదే తమిళనాడులో 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత, ప్రాణాపాయం ఉంటే తప్ప ఇలా పుట్టిన పసిపిల్లలకి ఆడో మగో తేల్చే ఆపరేషన్లు చెయ్యకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ బాక్సు వార్తకిచ్చే చోటు ఒక్కసారి దీనికివ్వండి, స్కానింగ్ రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడుతున్న ఏ తల్లయినా సంతకం పెట్టేముందు రెండో డాక్టర్ని అడుగుతుంది. ఊరి పేరు, ఫొటో మాత్రం వెయ్యకండి.

మా పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున్నే మీ పేపర్ మొదట తీసేది తనే.

- ఒక పిన్ని, తెనాలి
(పేరు వెయ్యవద్దని మనవి)