డొమైన్ పేర్ల అమ్మకం ధర ఒక్కటే కాదు, రెన్యూవల్ ఖర్చూ రాయండి

సంపాదకులకు,

నమస్కారం. ఈమధ్య మీ వ్యాపార పేజీలో డొమైన్ పేర్ల (వెబ్‌సైట్ అడ్రస్‌ల) మీద పెట్టుబడి గురించి ఒక కథనం వేశారు. లక్షల డాలర్లు పలికిన పేర్లను వరసగా చెప్పి, పేరుకు పది డాలర్లు పెట్టుకుంటే ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసుకోగల వ్యాపారం ఇది అని ముగించారు. నేను అకౌంటెంట్‌ని. పేర్లు కొని అమ్మేవాళ్లు కొందరికి చాలాకాలంగా లెక్కలు చూస్తున్నాను. ఆ కథనం చదివి తెలిసినవాళ్లు ఫోన్ చేసి, "మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం, ఎన్ని పేర్లు కొనమంటారు?" అని అడిగారు. అందులో ఎన్ని అమ్ముడవుతాయని ఎవరూ అడగలేదు. వాళ్లననడానికి లేదు, మీ కథనంలో ఆ ప్రస్తావనే లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరిచ్చిన ఉదాహరణలు చాలావరకు నిజమే. బిజినెస్.కామ్ 1997లో లక్షన్నర డాలర్లకు, రెండేళ్లకే 75 లక్షల డాలర్లకు చేతులు మారింది. వాయిస్.కామ్ 2019లో 3 కోట్ల డాలర్లు పలికింది. 2023లో చాట్.కామ్‌ని 1.55 కోట్ల డాలర్లకు కొన్న వ్యాపారవేత్త ధర్మేశ్ షా తర్వాత దాన్ని ఓపెన్ఏఐకి అమ్మారు. కానీ ఈ రోజు పది డాలర్లు పట్టుకుని వెళ్లిన మనిషికి ఇలాంటి పేరు ఒక్కటి కూడా దొరకదు. వాయిస్.కామ్‌ని అమ్మింది మైక్రోస్ట్రాటజీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ. అలాంటి ఒంటిమాట పేర్లు కొన్నింటిని అది ఏళ్ల తరబడి తన దగ్గరే పెట్టుకుంది. పెద్ద బేరాల్లో ధర బయట చెప్పకూడదని ముందే రాసుకోవడం మామూలు. అందువల్ల మనకు కనిపించే జాబితా మొత్తం మార్కెట్‌కి నమూనా కాదు. బయటికొచ్చినవి కొన్ని, అందులోనూ వార్త అయినవి ఇంకా తక్కువ.

ఒక సవరణ కూడా వేయండి. 2007లో బిజినెస్.కామ్‌కి 34.5 కోట్ల డాలర్లు వచ్చాయని రాశారు. ఆ సొమ్ము పేరుకిచ్చింది కాదు. ఆర్.హెచ్. డోనెలీ అనే సంస్థ కొన్నది ఆ పేరు మీద నడుస్తున్న కంపెనీని, దాని ఆదాయంతో సహా. 2010లో క్విన్‌స్ట్రీట్ అనే కంపెనీ కార్‌ఇన్సూరెన్స్.కామ్‌కి ఇచ్చిన 4.97 కోట్ల డాలర్లు కూడా ఉత్త పేరుకిచ్చినవి కావు, నడుస్తున్న వ్యాపారంతో కలిపి ఇచ్చినవి. ఈ రెండు అంకెల్నీ పేరు ధరలుగా చూపించడం చాలాచోట్ల చూశాను. కొత్తవాళ్లకు ఆశ పుట్టేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు నా టేబుల్ మీదికి వచ్చే షీట్ ఎలా ఉంటుందో చెబుతాను. మనిషి ఎవరన్నది అనవసరం, దాదాపు అందరివీ ఒకేలా ఉంటాయి. మొదటి గడిలో పేరు, తర్వాత కొన్న తేదీ, రెన్యూవల్ తేదీ, రిజిస్ట్రార్ (పేరు మనకు రిజిస్టర్ చేసిచ్చే కంపెనీ), అడుగుతున్న ధర, వచ్చిన ఆఫర్, అమ్మిన ధర. కొన్న తేదీ ప్రకారం వరస మార్చి చూస్తే ఏ ఏడాది ఏ మోజు నడిచిందో తెలిసిపోతుంది. 2017 చివర్లో అన్నీ క్రిప్టో, కాయిన్. 2020లో మాస్కులు, వ్యాక్సిన్లు, వర్క్ ఫ్రమ్ హోమ్. 2021లో ఎన్ఎఫ్‌టీ, మెటావర్స్. 2023 నుంచి ప్రతి రెండో పేరుకూ ఏఐ తోక. అడుగుతున్న ధర గడి ఒక్కటీ ఖాళీ ఉండదు. ప్రతి వరసలోనూ 1,999, 2,888, 4,995 ఇలా ఏదో ఒక అంకె ఉంటుంది. ఆఫర్ గడిలో అక్కడక్కడా "అడిగారు, ధర చెప్పాక జవాబు లేదు" అన్న నోట్. అమ్మిన ధర గడిలో మాత్రం చాలా కిందికి వెళ్తే గానీ అంకె కనపడదు. రెన్యూవల్ తేదీ మాత్రం ప్రతి పేరుకూ ఏడాది తిరిగేసరికి వచ్చి తీరుతుంది.

ఈ రంగంలో ఉన్నవాళ్లే ఒప్పుకునే మాట ఒకటుంది. వంద పేర్లు పెట్టుకుంటే ఏడాదికి ఒకటో రెండో అమ్ముడుపోవడం మామూలు. దాన్ని పట్టుకుని లెక్క వేద్దాం. డాట్ కామ్ పేరుకు రిజిస్ట్రీ (ఆ పేర్లన్నిటి జాబితా నడిపే కంపెనీ) అయిన వెరిసైన్ తీసుకునేది 2024 సెప్టెంబర్ నుంచి 10.26 డాలర్లు. దాని మీద రిజిస్ట్రార్ లాభం కలిపితే 11 డాలర్లు అనుకోండి. 500 పేర్లకు ఏడాదికి 5,500. నూటికి ఒకటి చొప్పున ఐదు పేర్లు, ఒక్కోటి 1,500 డాలర్లకు పోయాయి అనుకుందాం. చేతికి 7,500 రావాలి. అమ్మిపెట్టిన మార్కెట్‌ప్లేస్ 20 శాతం కమీషన్ తీసుకుంటే మిగిలేది 6,000. అందులో రెన్యూవల్స్ పోగా ఏడాది మొత్తానికి 500 డాలర్లు. పేర్లు కొనడానికి మొదట పెట్టిన సొమ్ము, వెచ్చించిన టైమ్, పన్ను ఇందులో కలపనే లేదు. ఐదుకు బదులు మూడే అమ్ముడయ్యాయంటే చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. పది అమ్ముడయ్యాయంటే మంచి వ్యాపారమే, కాదనను. కానీ ఆ పది అమ్మగలిగేవాళ్లు చాలా తక్కువమంది.

"డిజిటల్ స్థలం" అన్న మాట మీ శీర్షికలోనే ఉంది. స్థలం కొంటే రిజిస్ట్రేషన్ అయ్యాక మనదే. డొమైన్ పేరు కౌలు లాంటిది, గడువు దాటితే చేయి జారుతుంది. డాట్ కామ్ లాంటి వాటిలో గడువు అయ్యాక రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకు మామూలు ధరకు రెన్యూ చేసుకునే వీలు ఉండొచ్చు. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్, అందులో వెనక్కి తీసుకోవాలంటే పెద్ద ఫీజు. తర్వాత ఐదు రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆరో రోజు డ్రాప్, అంటే పేరు మళ్లీ ఎవరైనా తీసుకోవచ్చు. అప్పటికే ఆ పేరు మీద కన్నేసిన డ్రాప్‌క్యాచింగ్ కంపెనీల సర్వర్లు సెకను గడవకుండా పట్టేస్తాయి. చాలా రిజిస్ట్రార్లు అసలు అంతదాకా రానివ్వవు, గడువు దాటిన పేర్లను ముందే వేలంలో పెడతాయి.

ఇక విలువ కట్టడం. అకౌంటెంట్‌గా నాకు ఎక్కువ టెన్షన్ తెచ్చేది ఇదే. ఆన్‌లైన్‌లో పేరు కొడితే చాలు, దీని విలువ ఇంత అని చెప్పే టూల్స్ ఉన్నాయి. ఆ అంకెలన్నీ కూడి, ఇది నా ఆస్తి, బ్యాలెన్స్ షీట్‌లో చూపించండి అని అడిగేవాళ్లున్నారు. లోన్ కోసం అయితే మరీను. నేను ఒప్పుకోను. అమ్మడానికి కొన్న పేరు సరుకు నిల్వ కిందికి వస్తుంది. కొన్న ఖరీదు, అమ్మితే ఖర్చులు పోగా వచ్చే సొమ్ము, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే రాయాలి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 చెప్పేది కూడా అదే. కొనేవాడు లేని పేరుకు కంప్యూటర్ ఐదు వేల డాలర్లు కట్టినా, నా పుస్తకంలో దాని విలువ పది డాలర్లు దాటదు. ఎన్నాళ్లకూ ఆఫర్ రాకపోతే అది కూడా ఉండదు.

ఈ విలువల మోజు మీద బతికే మోసం ఒకటుంది, పాఠకులు జాగ్రత్తపడాలి. ఒక ఈమెయిల్ వస్తుంది. మీ పేరు మా క్లయింట్‌కి కావాలి, 20,000 డాలర్లకు సిద్ధం, అయితే ఫలానా చోట అప్రైజల్ సర్టిఫికెట్, అంటే విలువ కట్టిన పత్రం, తీసుకోండి అని. అప్రైజల్‌కి వందో రెండొందలో కట్టించుకుంటారు. సర్టిఫికెట్ వస్తుంది, కొంటానన్నవాడు మాయమవుతాడు. నిజంగా కొనేవాడు మన చేత ముందు డబ్బు కట్టించడు. సొమ్ము ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి సంస్థ దగ్గర, పెడతాడు, పేరు తన ఖాతాలోకి బదిలీ అయ్యాక అది మనకు విడుదలవుతుంది. పద్ధతి ఇంతే.

గత పదేళ్లలో ఈ వ్యాపారం ఎటు వెళ్లిందో కూడా మీ కథనంలో రాలేదు. మంచి డాట్ కామ్‌లు అయిపోయాయి. మూడక్షరాలవి 17,576, నాలుగక్షరాలవి 4,56,976, అన్నీ ఎప్పుడో ఎవరో ఒకరి చేతిలోకి వెళ్లాయి. మొత్తం డాట్ కామ్‌లు 15 కోట్లు దాటాయి. పేరును ఖాళీగా వదలకుండా ప్రకటనల పేజీ పెట్టి సంపాదించే పార్కింగ్ ఒకప్పుడు రెన్యూవల్ ఖర్చుకు సరిపోయేది. ఇప్పుడు జనం అడ్రస్ టైప్ చేయడం మానేసి యాప్‌లోనో సెర్చ్‌లోనో వెతుక్కుంటున్నారు. ఆ ఆదాయం బాగా పడిపోయింది.

దాంతో అందరూ డాట్ కామ్ బదులు కొత్త ఎక్స్‌టెన్షన్ల (పేరు చివర డాట్ తర్వాత వచ్చే తోకల) మీద పడ్డారు. 2013 నుంచి వెయ్యికి పైగా కొత్తవి వచ్చాయి. మొదటి ఏడాది ఒక డాలర్‌కే ఇస్తారు, రెండో ఏడాది బిల్లు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. డాట్ కామ్ టోకు ధర (రిజిస్ట్రీ తీసుకునేది) ఎంత పెంచవచ్చో ఒప్పందంలో హద్దు ఉంది, వీటికి అలాంటి హద్దు లేదు. పెంచేముందు రిజిస్ట్రీ 180 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆలోగా పాత ధరకు పదేళ్ల వరకు రెన్యూ చేసుకోవచ్చు. ఈ సంగతి తెలిసి వాడుకున్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

డాట్ ఏఐ సంగతే చూడండి. అది అంగ్విల్లా అనే కరీబియన్ దీవి కోడ్. 2023లో ఆ పేర్ల మీద ఆ ప్రభుత్వానికి వచ్చింది దాదాపు 3.2 కోట్ల డాలర్లు, మొత్తం ఆదాయంలో ఐదో వంతుకు పైనే. అక్కడి జనం సుమారు 16 వేలు. వాళ్లకు మంచి జరిగింది, సంతోషమే. అయితే ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాలి. పేరు పెట్టుకుని వ్యాపారం చేసే కంపెనీలతో పాటు, అమ్ముదామని కొని కూర్చున్న మనలాంటివాళ్లు కట్టిందీ అందులో ఉంది. డాట్ ఏఐకి ఒకేసారి కనీసం రెండేళ్లకు కట్టాలి, రేటు కూడా డాట్ కామ్‌కి ఎన్నో రెట్లు. పై లెక్కను ఆ రేటుతో మళ్లీ వేసి చూడమని మీ పాఠకులకు చెప్పండి. దేశాల కోడ్‌లకు మరో ప్రమాదం కూడా ఉంది. డాట్ ఐఓ బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది, అంటే చాగోస్ దీవులది. ఆ చాగోస్ దీవులను మారిషస్‌కి అప్పగించే ఒప్పందం మీద 2025 మే నెలలో సంతకాలయ్యాయి. యుగోస్లావియా లేకుండా పోయాక డాట్ వైయూ 2010లో ఆగిపోయింది. డాట్ ఐఓకి అలాగే అవుతుందని నేననను, పేర్లు కొని పెట్టుకునేవాళ్లు ఈ రిస్క్ తెలిసి కొనాలి అంటున్నాను.

కథనంలో నాకు బాగా కష్టమనిపించిన మాట, "ప్రసిద్ధ కంపెనీల పేర్లకు దగ్గరగా ఉన్నవి ముందే పట్టుకోండి" అన్నది. దయచేసి ఇలాంటి సలహా అచ్చు వేయకండి. డొమైన్ పేర్ల వివాదాలు తేల్చడానికి 1999 నుంచి యూడీఆర్‌పీ అనే విధానం ఉంది. పేరు తమ ట్రేడ్‌మార్క్‌లా ఉందని, కొన్నవాడికి దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో తీసుకుని వాడుతున్నాడని కంపెనీ రుజువు చేస్తే పేరు లాగేసుకుంటుంది, పైసా ఇవ్వదు. ఈ కేసులు చూసే వైపో (ఐక్యరాజ్యసమితి మేధో సంపత్తి సంస్థ)లో కంపెనీకి అయ్యే ఫీజు, తీర్పు చెప్పేది ఒకే ప్యానలిస్ట్ అయితే, 1,500 డాలర్లు. అక్కడ తేలిన మొదటి కేసే ఇలాంటిది. 100 డాలర్లకు తీసుకున్న వరల్డ్‌రెజ్లింగ్‌ఫెడరేషన్.కామ్‌ని ఆ కంపెనీకే 1,000 డాలర్లకు అమ్మజూపాడొకతను, పేరు పోయింది. అమెరికా చట్టం కింద కోర్టుకు వెళితే ఒక్కో పేరుకు లక్ష డాలర్ల దాకా పరిహారం పడవచ్చు. న్యాయం మన వైపున్నా తిప్పలు తప్పవు. ఉజీ నిస్సాన్ అనే ఆయన 1994లో తన ఇంటిపేరుతో, తన కంప్యూటర్ వ్యాపారం కోసం నిస్సాన్.కామ్ తీసుకున్నారు. కార్ల కంపెనీ 1999లో కోటి డాలర్ల దావా వేసింది. పేరు ఆయన దగ్గరే నిలిచింది గానీ కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు గడిచాయి.

ఈ వ్యాపారం చేయొద్దని నేను చెప్పడం లేదు. నా క్లయింట్లలో బాగా సంపాదిస్తున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల షీట్ వేరుగా ఉంటుంది. పేర్లు తక్కువ, ఒక్కోదానికి పెట్టిన ఖరీదు ఎక్కువ, చాలావరకు గడువు దాటిన పేర్ల వేలంలో పాడుకున్నవి. ప్రతి పేరు పక్కనా దీన్ని ఎలాంటి కంపెనీ కొనవచ్చో ముందే రాసి ఉంటుంది. రెన్యూవల్ రోజుకు నెల ముందే కూర్చుని, ఏడాదంతా ఒక్కరూ అడగని పేర్లను కొట్టేస్తారు. మంచిదనిపించినా సరే, కొట్టేస్తారు. కొత్తవాళ్లు మాత్రం "ఈ ఒక్క ఏడాదీ" అంటూ అన్నిటికీ కట్టేస్తుంటారు.

మీ పత్రిక మీద నమ్మకంతో జనం డబ్బు పెడతారు. కాబట్టి ఇకముందు ఏదైనా పేరు ఇంతకు అమ్ముడైందని వేసేటప్పుడు, అమ్మినవాళ్లు దాన్ని ఎప్పుడు, ఎంతకు కొన్నారో తెలిస్తే అదీ వేయండి. ఆ సొమ్ములో వ్యాపారం విలువ కలిసి ఉంటే విడిగా చెప్పండి. వంద పేర్లలో ఏడాదికి ఎన్ని అమ్ముడవుతాయి, మిగిలిన వాటికి ఎంత కట్టాలి అన్న లెక్క పక్కనే చిన్న పట్టికగా ఇవ్వండి. కావాలంటే ఆ పట్టిక నేనే తయారుచేసి పంపుతాను, నా పేరు వేయనక్కర్లేదు. ట్రేడ్‌మార్క్ పేర్ల గురించి ఇచ్చిన సలహాకు మాత్రం వచ్చే సంచికలోనే సవరణ వేయమని కోరుతున్నాను. అది చదివి ఇప్పటికే కొన్నవాళ్లుంటే, కంపెనీకి అమ్మజూపుతూ ఈమెయిల్ పంపకముందే వాళ్లకు ఆ సంగతి తెలియాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక అకౌంటెంట్