కండక్టరు గారి అమ్మాయి, ఏడు రోజుల పాసు

డెమోయిన్, అయోవా
20 అక్టోబరు 2024, ఆదివారం

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఉభయకుశలోపరి. ఆ మాట లేకుండా ఉత్తరం మొదలుపెడితే మీరు కవరు తిప్పి పంపుతారని రాశాను. నిజానికి కుశలం అడగవలసింది నేను. బుడమేరు నీళ్లు దిగి నెల దాటింది కదా, గోడల చెమ్మ ఆరిందా? సున్నం మాత్రం తొందరపడి వేయించకండి, మళ్లీ పొక్కుతుంది. మంచం కింద పెట్టెలో ఉన్న మీ తోలు సంచి, స్టేజీ స్టేజీకీ టికెట్ల లెక్క రాసే పాత ఎస్‌ఆర్ కాగితాలు ముద్దయిపోయాయని అమ్మ ఫోనులో చెప్పింది. మీరు ఆ సంగతి ఎత్తలేదు. "న్యూయార్క్ వెళ్తున్నావటగా, అక్కడ కండక్టరు లేకుండా అంతమందిని ఎలా తిప్పుతారో చూసి ఉత్తరం రాయి, ఫోనులో వద్దు, మా వాళ్లకు చదివి వినిపించాలి" అన్నారు. మీ వాళ్లంటే సాయంత్రం పూట బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు చేరే రిటైర్డు బృందమని తెలుసు కాబట్టి, ఇంటి విషయాలు ఇక్కడితో ఆపుతున్నాను.

మీ అల్లుడికి అక్కడ ఆఫీసు తరఫున వారం రోజుల శిక్షణ. సోమవారం నుంచి ఆయన పొద్దున పోతే సాయంత్రమే రావడం. పగలంతా నేనూ, ఆ ఊరూ. సరిగ్గా దసరా రోజున దిగాం. ఊరి నడిబొడ్డున హోటళ్ల అద్దెలు విని, నదికి అవతల క్వీన్స్ వైపు బస తీసుకున్నాం. వీధి చివర ఇనుప స్తంభాల మీద సబ్‌వే (ఊరంతా తిరిగే రైలు) స్టేషను, పేరు క్వీన్స్‌బరో ప్లాజా. అక్కడి యంత్రంలో డబ్బు పెట్టి ఏడు రోజుల పాసు కొన్నాను. పాసుకు 34 డాలర్లు, అట్టకు ఇంకొక డాలరు. రూపాయల్లో 2,900 దాటింది. ఈ వాక్యం అమ్మకు చదివి వినిపించకండి. ఏటీఎం కార్డంత పసుపుపచ్చ అట్ట, ఒక మూల కత్తిరించినట్టు ఉంటుంది, అడుగున నల్లటి పట్టీ. ఆ పట్టీని గేటు పక్కనున్న సందులో గీస్తే అడ్డకడ్డీ వదులవుతుంది. గీయడంలోనే ఉంది విద్య అంతా. నిదానంగా గీస్తే "మళ్లీ గీయండి" అంటుంది, విసురుగా గీస్తే "అంత వేగం వద్దు" అంటుంది. వెనక వరుసలో వాళ్లు నిట్టూరుస్తుంటే నాలుగోసారికి గాని నాకు చేయి కుదరలేదు.

ఇప్పుడు లెక్క. ఈ ఏడాది (2024) ధరలో ఒక్కసారి లోపలికి వెళ్లడానికి 2 డాలర్ల 90 సెంట్లు. పన్నెండు సార్లు వెళ్తే 34 డాలర్ల 80 సెంట్లు. అట్ట డాలరు కూడా కలిపితే ఇంకా 20 సెంట్లు బాకీ ఉంటాం. అంటే పదమూడో ప్రయాణం నుంచి లాభం. మంగళవారం పొద్దున్నే పదమూడోది కొట్టాను. ఆ తర్వాతవన్నీ ఉత్త పుణ్యానికి.

ఇక్కడ మీ బృందం కాస్త నిబ్బరంగా ఉండాలి: ఈ ఊళ్లో స్టేజీలు లేవు. పక్క స్టేషనులో దిగినా అదే ధర, ఊరు దాటి సముద్రం దాకా గంటకు పైగా కూర్చున్నా అంతే. దిగేటప్పుడు అడిగేవాళ్లు లేరు. లోపలే రైలు మారితే మళ్లీ కట్టనక్కరలేదు. మొత్తం 472 స్టేషన్లు, రాత్రింబగళ్లు నడుస్తాయి. స్టేజీలే లేకపోతే ఎస్‌ఆర్ ఏమని రాస్తారు అని మీరు అడుగుతారని తెలిసే, నేను ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి వారమంతా ఎస్‌ఆర్ రాశాను. దాని సంగతి చివర చెబుతాను.

మీ ప్రశ్నకు జవాబు: కండక్టరు ఉన్నాడు నాన్నా. టికెట్టు మాత్రం కొట్టడు. చాలా రైళ్లలో సరిగ్గా మధ్య పెట్టెలో ఆయనకొక చిన్న గది ఉంటుంది. డ్రైవరు ముందు, ఈయన నడుమ. తలుపులు తెరవడం, మూయడం, స్టేషను పేరు చెప్పడం ఈయన పని. సోమవారం నేను ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడి ఉన్నాను. రైలు వచ్చి ఆగింది. కిటికీలోంచి ఒకావిడ తల బయటికి పెట్టి, చూపుడు వేలు చాచి సరిగ్గా నా నెత్తి మీదికి చూపించింది. నా జడలో ఏమైనా ఉందేమోనని తడుముకున్నాను. ఆవిడ తలుపులు తెరిచింది, జనం ఎక్కారు దిగారు, వెళ్లిపోయింది. తర్వాతి రైలు వచ్చింది. ఈసారి మీసాల మనిషి. ఆయనా అంతే, వేలు చూపించాడు. వెనక్కి తిరిగి పైకి చూస్తే అక్కడ నలుపు తెలుపు పట్టీల పలక ఒకటి వేలాడుతోంది, కంచరగాడిద తోలులాగా.

బెంచీ మీదున్న పెద్దాయన నా వాలకం చూసి విషయం చెప్పాడు. ఆ పలక కండక్టరు కిటికీకి ఎదురుగా ఉందంటే రైలు మొత్తం ప్లాట్‌ఫారం మీదే ఆగిందని అర్థం. లేకపోతే కొసన ఉన్న పెట్టెల తలుపులు సొరంగంలోకి తెరుచుకుంటాయి. ఆ పలకను చూశాననడానికి కండక్టరు వేలు చూపించాలి, అప్పుడే తలుపులు తీయాలి. 1996 నుంచి ఇది నియమం. జపాను రైళ్లలో ఇలా వేలు చూపించే అలవాటు ఉంటే అక్కడి నుంచి తెచ్చుకున్నారట. ప్రతి స్టేషనులో, ప్రతిసారీ. నేను అక్కడే ఏడు రైళ్లు వదిలేసి చూశాను. ఏడుగురూ చూపించారు. ఎనిమిదో రైలు వచ్చినప్పుడు నేను కూడా వేలెత్తి పలకను చూపించాను. ఆ కండక్టరు పగలబడి నవ్వాడు. "హోల్డాన్" అన్నాక వెనక తలుపు దగ్గర ముసలమ్మ దిగిందో లేదో చూడకుండా మీరు "రైట్ రైట్" అనేవారు కాదు కదా, అదే ఇది.

పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ తేడా అక్కడా ఉంది. చాలా చోట్ల నాలుగు పట్టాలు. రెండింటి మీద అన్ని చోట్లా ఆగేవి, రెండింటి మీద ఆగనివి. మంగళవారం నేను 81వ వీధిలోని మ్యూజియానికి బయలుదేరి, 59వ వీధిలో ముందు వచ్చిన రైలు ఎక్కేశాను. అది 'ఏ' (A) అక్షరం రైలు. ఎక్కవలసింది బీ గాని సీ గాని. 72 కిటికీలోంచి పోయింది. 81 పోయింది. ఒక్కొక్క స్టేషను వెలుగు మెరిసి మాయమవుతుంటే నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఏడు స్టేషన్లు వదిలేసి 125వ వీధిలో ఆగింది. దిగి, మెట్లెక్కి, అవతలి వైపు దిగి వెనక్కి వచ్చాను. పైసా కట్టలేదు. మన ఊళ్లో నిద్రపోయి బెంజి సర్కిల్ దాటితే మీరు నన్ను, కండక్టరు కూతురినైనా సరే, పై స్టేజీకి టికెట్టు తీసుకోమన్నారు. గుర్తుందా? అన్నట్టు ఆ 81వ వీధి స్టేషను గోడల నిండా రంగురాళ్లతో అతికిన జంతువులు, చేపలు, బల్లులు. మ్యూజియం టికెట్టు ధర చూశాక, గోడలు చూసి వచ్చేద్దామా అని కాసేపు ఆలోచించాను.

బుధవారం మాత్రం పాసుకూ ఒక మెలిక ఉందని తెలిసింది. కొన్ని చిన్న స్టేషన్లలో ఉత్తరానికి పోయే రైలుకు ఒక గేటు, దక్షిణానికి పోయే రైలుకు రోడ్డుకు అవతల ఇంకొక గేటు. లోపల దారి ఉండదు. నేను దక్షిణానికి వెళ్లాలి, ఉత్తరపు గేటులో గీసి దిగాను. తప్పు తెలుసుకుని పైకి వచ్చి, రోడ్డు దాటి, అవతల గీశాను. గేటు కదలలేదు. "ఇప్పుడే వాడారు" అని చూపించింది. ఒకసారి గీసిన పాసును అదే స్టేషనులో మళ్లీ గీయాలంటే 18 నిమిషాలు ఆగాలి. ఒకే పాసు మీద ఒకరి వెనక ఒకరు దూరకుండా పెట్టారు. మన దగ్గర ఒక పాసు మీద ముగ్గురు అన్నదమ్ములు తిరిగిన కథలు మీరే చెప్పేవారు, కాబట్టి నాకు కోపం రాలేదు. రోడ్డు మీద పళ్ల బండి దగ్గర నిలబడి అరటిపండ్లు తింటూ 18 నిమిషాలు గడిపాను.

అంత కట్టుదిట్టం చేసినా నా కళ్ల ముందే ఒక కుర్రాడు అడ్డకడ్డీ మీద చేతులు ఆనించి అవతలికి దూకాడు. ఎవరూ తల తిప్పలేదు. 14వ వీధి స్టేషనులో మెట్ల కింద, బెంచీల మీద, స్తంభాల పక్కన జానెడు కంచు బొమ్మలు పెట్టారు. వాటిలో ఒకటి గేటు కింద నుంచి పాక్కుంటూ దొంగతనంగా వస్తున్న మనిషిది. టికెట్టు లేని ప్రయాణికుడికి విగ్రహం కట్టిన ఊరు ఇంకెక్కడైనా ఉందా?

గురువారం మీ కోసం వెళ్లాను. బ్రూక్లిన్‌లో వాడకం మానేసిన స్టేషనునే రవాణా మ్యూజియంగా మార్చారు. మామూలు స్టేషనులాగే మెట్లు దిగాలి. కింద పట్టాల మీద పాతకాలపు పెట్టెలు వరుసగా నిలబెట్టారు, లోపలికెక్కి కూర్చోవచ్చు. పేము అల్లిన సీట్లు, పైన ఫ్యాన్లు. అక్కడ చిల్లర కథ చదివి మీరు గుర్తొచ్చారు. ఈ రైలు 1904 అక్టోబరు 27న మొదలైంది, వచ్చే ఆదివారానికి 120 ఏళ్లు. అప్పుడు టికెట్టు 5 సెంట్లు. 1948 దాకా, 44 ఏళ్లు, అదే ధర! ఆ తర్వాత 10 అయింది. అప్పుడూ ఒక్క నాణెంతో పని జరిగింది. 1953లో 15 చేసేసరికి చిక్కొచ్చింది. 15 సెంట్ల నాణెం లేదు, గేటుకేమో రెండు రకాల నాణేలు మింగడం రాదు. దాంతో సొంతంగా టోకెన్లు పోయించారు. అవి 2003 దాకా నడిచాయి. టికెట్టు వెనక "బాకీ రూపాయిన్నర" అని రాసిచ్చి, దిగేటప్పుడు ఇచ్చే మీ పద్ధతి వాళ్లకు తట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక పని చేశాను. ఆరో నంబరు రైలు చివరి స్టేషను బ్రూక్లిన్ బ్రిడ్జ్. అందరూ దిగాక నేను దిగకుండా కూర్చున్నాను. రైలు కీచుమంటూ వంపు తిరిగి వెనక్కి వస్తుంది. ఆ వంపులో 1904 నాటి మొట్టమొదటి స్టేషను ఉంది. రైళ్లు పొడవయ్యాక ఆ వంకర ప్లాట్‌ఫారానికి, తలుపులకు మధ్య సందు మరీ ఎక్కువైంది. 1945 చివర మూసేశారు. కిటికీకి ముఖం ఆనించి, చేతులు అడ్డం పెట్టుకుని చూశాను. చీకట్లో కమానులు, వాటి మీద పెంకుల అల్లిక, వేలాడే పాత దీపాలు. అరనిమిషం కూడా లేదు. పెళ్లయిపోయాక ఖాళీ మండపంలోకి తొంగిచూసినట్టు ఉంది.

మిగతావి గబగబా. దసరా నాడు ఏడో నంబరు రైలు కొస దాకా వెళ్లి ఫ్లషింగ్‌లో వినాయకుడి గుడి చూశాం. 1977లో ప్రతిష్ఠ చేసిన గుడి. కింద అంతస్తులో క్యాంటీను, దోసె బాగుంది, చట్నీ అమ్మ చేతిది కాదు. ఆదివారం స్టాటెన్ ఐలండ్ పడవ ఎక్కాం. దానికి పాసు కూడా అక్కరలేదు, ఉచితం. స్వేచ్ఛా విగ్రహం పక్కనుంచే పోతుంది. భవానీ ద్వీపం పడవకే డబ్బు తీసుకుంటారు కదా మన దగ్గర! రూజ్‌వెల్ట్ ద్వీపానికి నది మీదుగా తీగకు వేలాడుతూ పోయే పెట్టెలోనూ ఇదే పాసు గీస్తే సరిపోయింది. శుక్రవారం ఎన్ రైలులో కూర్చుని కోనీ ఐలండ్ దాకా వెళ్లాను. సముద్రం ఉంది, జనం లేరు, చలిగాలి. మన బందరు సముద్రమే నయం. ఇంకొకటి దాచను: స్టేషన్లు శుభ్రంగా లేవు. ఎలుకలు పట్టాల మధ్య పగలే తిరుగుతాయి, కొన్ని మూలల్లో ముక్కు మూసుకోవాలి. మన ఊరికి మెట్రో వస్తుందని నా ఇంజినీరింగు రోజుల నుంచి వింటున్నాను; వచ్చినప్పుడు ఈ ఒక్క విషయం మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోవద్దు.

శుక్రవారం అర్ధరాత్రితో పాసు చెల్లిపోతుంది. పదకొండున్నరకు నాకు నిద్ర పట్టలేదు. "ఇంకా అరగంట ఉంది" అన్నాను. మీ అల్లుడు నన్ను ఎగాదిగా చూసి చెప్పులు వేసుకున్నారు. ఒకే ఒక్క స్టేషను, క్వీన్స్‌బరో ప్లాజా నుంచి కోర్ట్ స్క్వేర్. ఎక్కాం, దిగాం, నడిచి వచ్చేశాం. నాకు ఖర్చు లేదు; ఆయన 2 డాలర్ల 90 సెంట్లు కట్టుకున్నారు. పాసు చేతిలో ఉందని ఒక్క స్టేజీకి బస్సెక్కే వాళ్లను చూస్తే మీకు ఎంత ఒళ్లు మంటో తెలుసు. నేనూ వాళ్లలో కలిశాను, చెప్పేస్తున్నాను.

పాసు అట్ట, ఎస్‌ఆర్ కాగితం ఈ కవరులోనే పెట్టాను. రోజువారీ మొత్తాలు శని 3, ఆది 4, సోమ 5, మంగళ 6, బుధ 4, గురు 5, శుక్ర 4. కూడితే 31, అంటే 89 డాలర్ల 90 సెంట్ల ప్రయాణం. కానీ గీసినప్పుడల్లా పక్కన వేసిన వరుస నంబరు 32తో ముగుస్తోంది. రెండుసార్లు సరిచూశాను, ఒకటి తేడా వస్తూనే ఉంది. బుధవారం గడిలోనే ఎక్కడో ఉందని నా అనుమానం. కళ్లజోడు పెట్టుకుని మీరే పట్టుకుని, వచ్చే ఆదివారం ఫోనులో చెప్పండి.

మీ అమ్మాయి
సరళ